ప్రమీలాదేవి ముక్కు, మల్లన్న గులాబీ

ప్రమీలాదేవి గురించి చెప్పమంటే ముక్కు దగ్గరే మొదలుపెట్టాలి. మనిషి సన్నం, గొంతు పెద్దది, చదువు ఏడో తరగతి. భర్త దామోదర్‌కు సిద్దిపేట కోర్టు ఎదురుగా చిన్న జిరాక్సు దుకాణం. బంగారం అంటారా, చెవులకూ మెడకూ సరిపోయేంత. ఇందులో గల్లీవాళ్లు చెప్పుకోవడానికి ఏముంది? ఏమీ లేదు. ఆ ముక్కు గనక లేకపోతే ఆమెను ఎవరూ పట్టించుకునేవారు కాదు. ఆ సంగతి అందరికన్నా ఆమెకే బాగా తెలుసు.

పుట్టింది కోహెడలో. చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఒకనాడు వాళ్ల గడ్డివాము పక్కన నిలబడి, "బాపూ, గడ్డి లోపల మాడుతుంది" అంది. పొగ లేదు, సెగ లేదు. బాపు కసిరాడు. పిల్ల వినలేదు. ఏడ్చింది, కాళ్లు నేలకేసి కొట్టింది. ఆ పోరు పడలేక వాము పీకితే నడిమధ్యన తడిగడ్డి ఉడికి నల్లబడి, చేయి పెట్టలేనంత వేడిగా ఉంది. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో నెయ్యి కొన్నా, విత్తనాలు కొన్నా ముందు ప్రమీల ముక్కు కింద పెట్టాల్సిందే.

పెళ్లిచూపుల కథ ఇంకా విచిత్రం. చాయ్ పళ్లెం పట్టుకుని వచ్చి తలవంచుకుని కూర్చోవాల్సిన పిల్ల, కాబోయే అత్త పక్కనున్న సంచి వైపు చూసి, "అత్తమ్మా, మీ సంచిల అడుగున ఓ జామపండు కుళ్లింది" అంది. అందరూ బిత్తరపోయారు. అత్త సంచి బోర్లించింది. నిజమే, అడుగున ఒక పండు మెత్తబడి నీళ్లు కారుతోంది. దామోదర్ ఇంకా పిల్లను సరిగ్గా చూడనే లేదు, వాళ్లమ్మ మాత్రం అక్కడికక్కడే తేల్చేసింది. "గీ పిల్ల ఇంట్ల ఉంటే ఏదీ పాడుగాదు. ఇగ లేవున్రి, ముహూర్తం సూసుకుందాం."

అట్లా సిద్దిపేట చేరింది ఆ ముక్కు. చేరి, గల్లీ మొత్తాన్ని ఏలింది. ఎండాకాలం వస్తే ఇంటింటా మామిడికాయ తొక్కు పెడతారు కదా, జాడీ మూతికి గుడ్డ కట్టే ముందు ప్రమీలాదేవిని పిలవడం ఆ గల్లీ ఆచారమైపోయింది. ఆమె వచ్చి, కొంగు నడుముకు దోపి, జాడీ మీద వంగి, కళ్లు మూసుకుని ఒక్క పీల్పు పీల్చేది. "ఇంకో పిడికెడు ఉప్పు పడాలె" అంటే పడాలి. "సరిపోయింది, కట్టు" అంటే కట్టాలి. ఎదురింటి స్వరాజ్యం టీచరు. ట్రైనింగు చేసిన మనిషి, నలుగురికి చెప్పే మనిషి. ఆమె కూడా జాడీ ముందు చేతులు కట్టుకుని నిలబడేది. పక్కింటి ఖాతూన్ అయితే నిమ్మకాయ తొక్కును గోడ మీది నుంచే అందించేది. ఖాతూన్ భర్త జానీ పాషాది వెల్డింగ్ దుకాణం. ప్రమీలాదేవి ఖాతూన్‌ను ఆపా, అంటే అక్కా, అని పిలుస్తుంది. రెండిళ్ల నడుమ గోడ ఛాతీ ఎత్తు. ఆ గోడ మీది నుంచి ఇద్దరి మధ్యా పోని గిన్నె లేదు.

ఇట్లా ముప్పై ఏళ్లు నడిచిన వైభోగం ఒక్క జ్వరంతో పోయింది. కరోనా రెండోసారి ఊరి మీద పడిన ఎండాకాలం అది. జ్వరం తగ్గింది, దగ్గు తగ్గింది. ఒక పొద్దున ఆమె పొయ్యి పక్కనే కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంటే, దామోదర్ బయటి నుంచి పరుగెత్తుకొచ్చాడు. పాలగిన్నె అడుగంటి, నల్లబడి, ఇల్లంతా పొగ. "ఏమైందే నీకు? గీడనే కూసున్నవ్ గదా!" అన్నాడు. ఆమె గిన్నె వంక చూసింది. ఏమీ లేదు. ఇంగువ డబ్బా తెరిచింది, ఏమీ లేదు. ఫినాయిల్ సీసా, ఉల్లిగడ్డ, ఆఖరికి దామోదర్ విడిచిన బనీను. ఏమీ లేదు, ఏమీ లేదు, ఏమీ లేదు. లోకం మీద ఎవరో మూత పెట్టేసినట్టుంది.

డాక్టరు దగ్గరకు ఒంటరిగా పోయింది. "వస్తే వస్తదమ్మా. కొందరికి తొందరగ వస్తది, కొందరికి టైం పడతది" అన్నాడాయన. అది కూడా ఒక వైద్యమేనా? సరే, ఆయన మాత్రం ఏం చేస్తాడు. ప్రమీలాదేవి ఆ మాటను కడుపులో దాచుకుని ఇల్లు చేరింది. ఎవ్వరికీ చెప్పలేదు. దామోదర్‌కు చెప్పలేదు, ఖాతూన్‌కు కూడా చెప్పలేదు. చెబితే ఇంకేం మిగులుతుంది? రేపటి నుంచి ఏడో తరగతి చదివిన సన్నపు మనిషి, అంతే.

పాపం చూడండి, అప్పుడే జాడీల కాలం. పిలిస్తే పోకుండా ఎట్లా? పోయింది. వంగింది, కళ్లు మూసింది, పీల్చింది, నూనె రంగు చూసి నోటికొచ్చింది చెప్పింది. స్వరాజ్యం జాడీ దగ్గర "సరిపోయింది, కట్టు" అంది. వానలు పడేసరికి ఆ జాడీ నిండా బూజు. స్వరాజ్యం దాన్ని పెరట్లో గుంట తీసి పారబోసి, "నా చెయ్యే మంచిది గాదక్కా, నువ్వు జెప్పినంక గూడ ఏదో తక్కువేసినట్టున్న" అంది. ప్రమీలాదేవికి ఆ పూట అన్నం దిగలేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే మైకు పెట్టుకుని మొక్కల బండి వచ్చింది. బండివాడు ఒక మొక్క పైకెత్తి, "తీగ గులాబి తల్లీ! పూసిందంటే మూడిండ్ల దాంక వాసన గొడతది. వద్దన్నా ముక్కుల జొరబడతది" అన్నాడు. సెల్లులో ఫోటో చూపించాడు. అరచేయంత ఎర్రటి పూలు, గుమ్మం నిండా. ప్రమీలాదేవి పూల వంక చూడనే లేదు. వద్దన్నా ముక్కులో జొరబడుతుంది అన్న మాట దగ్గరే ఆగిపోయింది. మూసుకున్న తలుపును బద్దలు కొట్టాలంటే ఇట్లాంటి రౌడీ వాసనే కావాలి అనుకుంది.

మొక్కను చేత్తో పట్టుకుని, కొమురవెల్లి ఏ దిక్కున ఉందో ఆ దిక్కుకు తిరిగి, అక్కడే మొక్కుకుంది. "కొమురెల్లి మల్లన్నా! గీ చెట్టు మొదటి పువ్వు నీకే. నా ముక్కు నాకియ్యి. నేను మొట్టమొదలు సూసే వాసన గా పువ్వుదే. గప్పటిదాంక ఇంకే వాసన సూడ తండ్రీ."

దేవుడితో మాట్లాడేటప్పుడు కొంచెం ఆలోచించి మాట్లాడాలా వద్దా? మొదటి పువ్వు దేవుడికంది. మొదటి వాసన తనదంది. దేవుడికి పెట్టే పువ్వును ఎవరైనా ముందు వాసన చూస్తారా? చంటిపిల్ల ముక్కు దగ్గర పెట్టుకుంటే కూడా చెంప మీద ఒకటిచ్చి లాక్కుంటాం కదా! ఇంత చిన్న సంగతి ఆమెకు ఆ క్షణాన తట్టలేదు. దుఃఖంలో ఉన్న మనిషికి ఏం తడుతుంది?

మొక్కు అంటే మొక్కే. ఇంకే వాసనా చూడనంది కనుక, వాసన వచ్చినా రాకపోయినా ముక్కు మూసి ఉంచాలి. రెండు ముక్కుపుటాల్లో దూది పెట్టుకుంది. దాని మీద మాస్కు కట్టుకుంది. ఆ రోజుల్లో మాస్కు కట్టుకున్న మనిషిని అడిగేవారెవరు? అందరూ మాస్కులు తీసేశాక కూడా ఆమె తియ్యలేదు. "దుమ్ము పడదన్నడు డాక్టరు" అని చెప్పింది. దామోదర్ ఒకసారి దూది చూసి కంగారుపడితే, "ముక్కు ఎండుతుంది, నెయ్యిల ముంచి పెట్టుకున్న" అంది. తిండికి రుచి లేదు. ఊపిరికి సుఖం లేదు. మరుసటి ఎండాకాలం జాడీల వేళకు తమ్ముడికి బాగాలేదని చెప్పి కోహెడకు పారిపోయింది. ముక్కు తిరిగి వచ్చిందో రాలేదో తెలుసుకునే దారిని తన చేత్తోనే మూసేసుకుందన్నమాట. అట్లాంటి మనిషిని ఏమనాలి?

ఇప్పుడు ఇంకో సంగతి చెప్పాలి. ఇది మనకు మాత్రమే తెలుసు, ఆమెకు తెలియదు. మంచి గులాబీని ఊరికే నాటరు. గట్టి వేరున్న అడవి గులాబీ మొద్దు మీద మంచి రకం కొమ్మను అంటు కడతారు. ఆ అంటు ముడి మట్టికి పైన కనపడాలి. ముడి కిందనుంచి ఏది మొలిచినా అది అడవిదే, తుంచి పారెయ్యాలి. బండివాడు ఇదంతా చెప్పాడు కూడా, ఆమె చెవికి ఎక్కితేనా! ఇంటికి తెచ్చి చూస్తే ఆ ముడి ఆమె కంటికి పుండులా కనిపించింది. నరికి కట్టు కట్టినట్టుంది, పాపం. ఇంత పచ్చి గాయం గాలికి వదిలేస్తామా, వచ్చేపోయేవాళ్ల దిష్టి తగలదా? పసుపు రాసింది. పాత చీర పీలిక చుట్టింది. దాని మీద ఎర్రమట్టి, పశువుల ఎరువు పోసి కుప్ప చేసి, బాలింతను కప్పినట్టు కప్పేసింది. లోపల ఊపిరాడక మంచి కొమ్మ ఎండిపోయింది. కిందున్న అడవి మొద్దు ఇదే సందని లేచింది.

ఎట్లా లేచిందనుకున్నారు! బియ్యం కడిగిన నీళ్లు, వాడిన చాయ్‌పత్తా, వేపపిండి, మాంసం కడిగిన నీళ్లు, ఏది పోసినా తాగింది. రోజుకింత పెరిగింది. ప్రమీలాదేవి మురిసిపోయింది. జానీ పాషా గేటు మీదుగా ఇనుప కమాను చేసి నిలబెట్టాడు. తీగను నిటారుగా పోనివ్వకుండా పక్కకు వంచి కడితే కణుపు కణుపుకూ మొగ్గ వస్తుందని ఎవరో చెప్పారు. ఆమె పాత చీరలు పీలికలు చేసి, ఒక్కో తీగనూ కమానుకు వంచి కట్టింది. మోచేతుల దాకా ముళ్లగీతలు. పేనుబంక పడితే సబ్బునీళ్లు కొట్టింది. కోతులు వస్తే కర్ర పట్టుకుని మధ్యాహ్నపు నిద్ర మానేసింది. కమాను కింద స్కూటర్ మీద పోతూ దామోదర్ చించుకోని చొక్కా లేదు.

"గేటుకు ముండ్లకంప కట్టుకున్నట్టుంది ప్రమీలా. నా ఇంట్లకు నేను వంగి వంగి రావలసొస్తుంది" అన్నాడు.

"దేవునికి మొక్కిన చెట్టు. వంగితే తప్పేం లేదు" అంది ఆమె.

రెండు చలికాలాలు పోయాయి. మల్లన్న జాతర నడుస్తోన్న రోజుల్లో, ఒక బుధవారం పొద్దున, కమాను కొసన ఒక గుత్తి విచ్చుకుంది. చిన్నచిన్న పూలు, తెలుపులో లేత గులాబీ రంగు, గుత్తికి పది పన్నెండు. ఫోటోలోని ఎర్రటి అరచేతి పూలకూ వీటికీ చుట్టరికం కూడా లేదు. "ఫోటోలల్ల అన్నీ పెద్దగనే కనబడతయి" అని దామోదర్ తేల్చేశాడు. ప్రమీలాదేవి ఆ మాట వినే స్థితిలో లేదు. మాస్కు మీద చేయి వేసింది. ఒక్క క్షణం, దూది తీసి...

అదే క్షణాన ఎదురింట్లోంచి స్వరాజ్యం వచ్చి, "అబ్బ, పూసిందా అక్కా!" అంటూ గుత్తి మీదికి వంగింది.

"ఆగు!" అని ప్రమీలాదేవి అరిచిన అరుపుకు స్వరాజ్యం రెండడుగులు వెనక్కి పడింది. "మల్లన్నకు మొక్కిన పువ్వు! వాసన సూస్తవా?"

అన్నాక తన మాట తనకే తగిలింది. స్వరాజ్యం చూడకూడదంటే తను మాత్రం ఎట్లా చూస్తుంది? అట్లాగే గేటు పట్టుకుని నిలబడిపోయింది. జాతరలో మల్లన్నకు మొక్కు చెల్లించేది ఆదివారమే. వాసన చూస్తే మొక్కు చెడుతుంది, చూడకపోతే తన బతుకు తెల్లారుతుంది. పొద్దంతా బుర్ర బద్దలు కొట్టుకుని, చివరికి ఒక సందు కనిపెట్టింది. దేవుడి మెడలో వేసిన పువ్వు తిరిగి చేతికొస్తే అది ప్రసాదం. ప్రసాదాన్ని కళ్లకద్దుకుని వాసన చూడవచ్చు. ఆదివారం కొమురవెల్లి గుళ్లో, మల్లన్న ముందే, దూది తీసేస్తుంది. నాలుగు రోజులు ఓపిక పట్టాలి, అంతే.

ఆమె ఓపిక పట్టింది సరే, గల్లీకి ఏం తెగులు? స్వరాజ్యం సాయంత్రానికల్లా అందరికీ చెప్పేసింది. దేవుడి పువ్వు పూసింది, మూడిళ్ల దాకా వాసన వచ్చే రకం, పొరపాటున ముక్కుకు తగిలిందో పాపం మనకే. అంతే, మర్నాటి నుంచి ఆ గల్లీలో నడిచే ఆడవాళ్లందరూ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకున్నారు. మగవాళ్లు రుమాళ్లు. జానీ పాషా వెనక సందులోంచి తిరిగి పోయాడు. ఖాతూన్ ఆ వైపు కిటికీలు మూసేసింది. "మీ దేవుని పూలు, మాకెందుకమ్మా పాపం" అంది. దామోదర్ ఇంట్లోంచి అడుగు బయట పెట్టకముందే హెల్మెట్ పెట్టుకుని అద్దం దించేవాడు. గల్లీ చివరి రాములవ్వ పళ్లు లేని నోటికీ ముక్కుకూ కలిపి తువ్వాల చుట్టుకుని అరుగు మీద కూర్చుంది.

అంతటితో ఆగినా బాగుండేది. "కొంగు అడ్డం పెట్టుకున్నా ఆగుతలేదక్కా వాసన!" అంది స్వరాజ్యం. "నాకైతే తలకాయ తిరుగుతుంది బిడ్డా" అంది రాములవ్వ. ఒకరంటే ఇంకొకరు తగ్గుతారా? గురువారం నాటికి ఆ వాసన మల్లెను మించింది. శుక్రవారానికి ఒకావిడ కలలోకి కూడా వచ్చింది. ప్రమీలాదేవి మాస్కు వెనక నవ్వినట్టు కళ్లు పెట్టి అన్నీ విన్నది. లోపల మాత్రం ఒక్కో మాటకూ ఒక్కో ముల్లు దిగింది. గుడ్డలు అడ్డం పెట్టుకున్నవాళ్లకే ఇంత వాసన వస్తోంటే, దూది మాటున తనకు ఒక్క రవ్వ కూడా తగలదేం? అంటే లేదన్నమాట. పోయిందన్నమాట. ఛ, ఆదివారం దాకా ఆలోచించొద్దు అనుకుంది. ఆలోచిస్తూనే ఉంది.

ఎవరో కొరియర్ ఇచ్చేవాడు ఈ గల్లీలోకి వచ్చి, ముక్కులు మూసుకుని తిరిగే జనాన్ని చూసి హడలిపోయాడట. పోతూ పోతూ ఒక ఫోటో తీసి మున్సిపాలిటీకి పంపాడు. ఈ గల్లీలో కంపు భరించలేక జనం చస్తున్నారు, వెంటనే చూడండి అని. మన ఊళ్లో చెత్త విషయంలో ఎంత పట్టింపో తెలుసు కదా. శనివారం పొద్దున్నే శానిటరీ ఇన్‌స్పెక్టర్ దిగాడు. పేరు నిఖిల్. కొత్తగా ఉద్యోగం, ఇస్త్రీ చొక్కా, మెడలో కార్డు.

నిఖిల్ మురుగు పారే మోరీలు చూశాడు. పొడి చెత్త, తడి చెత్త డబ్బాలు మూతలు తీసి చూశాడు. స్వరాజ్యం పెరడు, ఖాతూన్ పెరడు చూశాడు. ఎక్కడా ఏమీ లేదు. కానీ చుట్టూ జనం, అందరి ముక్కుల మీదా గుడ్డలు. ఆయనకు మతి పోయింది.

"ఎక్కడి నుంచి వస్తుందమ్మా వాసన?" అని అడిగాడు.

అందరూ గర్వంగా కమాను వైపు చూపించారు.

నిఖిల్ కమాను కింద నిలబడి తల పైకెత్తాడు. తీగల్లో ఎలుకో పిల్లో చచ్చి ఇరుక్కుందనుకున్నాడు. పనిమంతుడు, పాపం. ఒక కాలు గేటు మీద వేసి పైకి లేచి, మొదటగా పూసిన ఆ గుత్తిలోకి ముక్కు పూర్తిగా దూర్చి, గట్టిగా పీల్చాడు.

గల్లీ మొత్తం కేక వేసింది. స్వరాజ్యం అతని చొక్కా పట్టుకుని కిందికి లాగింది. "దేవుని పువ్వయ్యా అది! వాసన సూసినవా?"

"నా డ్యూటే వాసన సూసుడు గదా మేడం!" అన్నాడు నిఖిల్, గడ్డం మీది ముల్లుగీత తడుముకుంటూ. "ఫిర్యాదొచ్చింది, సూసిన."

"పాడైంది. గా గుత్తి ఇగ మల్లన్నకు పనికిరాదు. ఎవలు మూర్కొన్నా మూర్కొన్నట్టే" అని తువ్వాల లోంచి రాములవ్వ తీర్పు చెప్పింది.

ప్రమీలాదేవి మాత్రం జనాన్ని తోసుకుని ముందుకు వచ్చింది. ఆ పిల్లగాడి మొహంలోకి చూస్తూ, "ఎట్లుంది బిడ్డా?" అంది.

"ఏందమ్మా?"

"వాసన. ఎట్లుంది?"

"ఏం లేదమ్మా. కంపు లేదు, కమ్మటి వాసన లేదు. ఉత్త పువ్వు." జేబులోంచి సెల్లు తీసి, "స్థలం పరిశీలించడమైనది, ఏ విధమైన వాసనా లేదు" అని పైకి చదువుకుంటూ టైపు చేశాడు.

ఆ మాటకు గల్లీ మండిపడింది. వాసన లేదా? మూడిళ్ల దాకా కొట్టే వాసన లేదా? సర్ది చేసిందా నీకు, ఉద్యోగం ఎవరిచ్చారు నీకు? నలుగురూ నాలుగు వైపుల నుంచి దులిపేస్తోంటే, ప్రమీలాదేవి చేయి చాచి ఆ గుత్తిని తుంచింది. అది ఇక దేవుడిది కాదు. ఆదివారం దాకా ఆగక్కర్లేదు, ఆగే శక్తి కూడా లేదు. మాస్కు కిందికి లాగింది. ఒక ముక్కుపుటంలోంచి దూది తీసింది, రెండోదాంట్లోంచి తీసింది. అందరూ అరుపులు ఆపి చూస్తున్నారు. గుత్తిని మొహానికి అదుముకుని, కళ్లు మూసుకుని, రెండేళ్ల నుంచి బిగబట్టిన ఊపిరంతా లోపలికి పీల్చింది.

ఏమీ లేదు.

మళ్లీ పీల్చింది. ముళ్లు పెదవికి గుచ్చుకున్నాయి. ఏమీ లేదు.

అరుగు మీద కూలబడి, ఒళ్లో గుత్తి పెట్టుకుని, "పోయింది. నా ముక్కు పోయింది" అంది. ఇక ఆపుకోలేకపోయింది. జ్వరం వచ్చిన నాటి నుంచీ ఏదీ తెలియడం లేదనీ, అందరికీ అబద్ధం చెప్పాననీ, జాడీల మీద వంగి నాటకమాడాననీ చెప్పేసింది. "నీ చెయ్యి మంచిదే స్వరాజ్యం. నేనే ముండను, తెలువకుంట కట్టుమన్న. నీ తొక్కు నేను పాడుజేసిన." ఏడుస్తూనే చెప్పింది. దామోదర్ హెల్మెట్ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. "గా పాలగిన్నె నాడు సుత నాకు జెప్పకపోతివా" అని మాత్రం గొణిగాడు.

ఖాతూన్ గోడ చుట్టూ తిరిగి గేటులోంచి వచ్చింది. దుపట్టా ముక్కు మీది నుంచి తీసి, ప్రమీలాదేవి ఒళ్లోని గుత్తిని తీసుకుని వాసన చూసింది. మొహం చిట్లించింది. ఇంకోసారి చూసింది.

"అరే, గీ పువ్వుకు వాసన్నే లేదు ప్రమీలా! పిల్లగాడు సచ్ జెప్పిండు."

"నన్ను బుదరకియ్యకు ఆపా" అంది ప్రమీలాదేవి. "మొన్నటి సంది అందరు జెప్తనే ఉన్నరు గదా. కొంగు అడ్డం పెట్టినా ఆగుతలేదని!"

స్వరాజ్యం కొంగు నలుపుతూ, "నాకు ఏం వాసన రాలేదక్కా. దేవుని పువ్వాయె, వస్తలేదంటే పాపమని వస్తుందన్న" అంది. ఒక్కొక్కరే గుడ్డలు దించి పూలు ముట్టుకుని చూశారు. ఎవరికీ రాలేదు. మరి నీ తలకాయ ఎందుకు తిరిగిందని అడిగితే, "బీపీ అయ్యుండొచ్చు" అంది రాములవ్వ.

ప్రమీలాదేవికి ఇది ఊరట కాలేదు. పువ్వుకు లేకపోతే తన ముక్కుకు ఉన్నట్టా? వీళ్లు బుధవారం నుంచీ అబద్ధం చెప్పినవాళ్లు, ఇప్పుడు ఏడుస్తున్న మనిషిని చూసి ఇంకో అబద్ధం చెప్పలేరా? "పాపమని అంటున్నరు, నాకెర్క" అంటూ తల అడ్డంగా ఊపింది. ఏడుపు ఇంకా ఎక్కువైంది.

"ఛల్, పాగల్" అని ఖాతూన్ పక్కన కూర్చుని, ఆమె తలను లాగి తన భుజాన వేసుకుంది. ప్రమీలాదేవి మొహం ఖాతూన్ జడలోకి పోయింది. ఎక్కి ఎక్కి ఏడుస్తోంది. ఏడుస్తూ ఏడుస్తూ ఒక్కసారి ఆగింది.

ఊపిరి లోపలికి తీసి ఆపింది. మళ్లీ తీసింది.

"ఆపా" అంది నెమ్మదిగా. "తలకు ఏం నూనె పెడుతున్నవ్?"

"కొబ్బరిదే. ఎందుకు?"

"మక్కింది. పాడైన నూనె వాసనొస్తుంది. ఎన్నాళ్ల సీసా అది?"

ఖాతూన్ బిత్తరపోయింది. స్వరాజ్యం గబగబా వచ్చి ఖాతూన్ జడ చివర అందుకుని చూసి, ముక్కు ముడిచి, తల ఊపింది. నిజమే. నిఖిల్ బండి స్టార్ట్ చెయ్యబోయి ఆగిపోయాడు.

"థూ, కడుపుల దేవుతుంది" అంది ప్రమీలాదేవి, రెండు చేతులతో ఆ జడను మొహానికి ఇంకా గట్టిగా అదుముకుంటూ. కళ్ల నీళ్లు ధారగా కారుతున్నాయి. "ఛీ ఛీ, ఎంత గలీజుగుంది ఆపా!"

"ఇడువు మరి, సిగ్గుపోతుంది నాకు" అంది ఖాతూన్. అంటూనే ఇంకో చేత్తో జడకున్న పిన్ను తీసేసి, జడ విప్పి, జుట్టంతా ఆమె మొహం మీదికి వదిలింది.